పన్నెండు గొట్టాల ఉప్పునీళ్లు

జహీరాబాద్
1944 జూలై 9

ప్రియమైన తమ్ముడు మహాదేవప్పకు,

పట్నం దవాఖానలో రక్తం పరీక్షించే కొలువు దొరికినప్పటి నుంచి నీకు మనుషుల ముఖాలకంటే వాళ్ల నెత్తుటి బొట్లే ఎక్కువ గుర్తుంటున్నట్టున్నాయి. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. అలిగే తీరిక నాకిప్పుడు లేదు కాబట్టి మూడోది రాస్తున్నాను.

శివమ్మ బాగాలేదు. తొమ్మిదేళ్ల పిల్ల, వాకిట్లోంచి బావి దాకా నడిచి కూర్చుండిపోతోంది. కళ్లు పచ్చగా, పెదవులు తెల్లగా ఉన్నాయి. కడుపులో ఎడమవైపు బల్ల, అదే ప్లీహం, ఉబ్బి బొడ్డు దాకా దిగింది. ఇది చలిజ్వరం బల్లే అని ఇక్కడి దవాఖానలో రెండేళ్లుగా కొయినా మందు (క్వినైన్) తాగిస్తున్నారు. యుద్ధం పుణ్యమా అని ఇప్పుడు అదీ దొరకడం లేదు. తాగిన నెలల్లో బాగుపడలేదు, మానిన నెలలో అధ్వానమూ కాలేదు. దానికి ఒక్కనాడూ చలిజ్వరం రాలేదని నేను మొత్తుకుంటే వినేవాళ్లు లేరు.

మొన్న ఊళ్లో వాతలు పెట్టే హనుమమ్మ వచ్చి పిల్ల మణికట్టు మీద వాత పెట్టింది. ఈ వైపు కామెర్లకు అదే వైద్యమని నీకు తెలుసు కదా. పిల్ల నా మెడ పట్టుకొని ఏడ్చిన ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. మా అత్తమ్మ అప్పుడు ఇంట్లో లేదు. వచ్చి చూసి, పోయి హనుమమ్మను వీధిలో నిలబెట్టి తిట్టింది. అంత ప్రేమ ఉన్న మనిషే నా వైపు తిరిగి ఏమన్నదో విను: "మా ఇంట్ల ఎవ్వరికి లేదమ్మా గీ రోగం. మీ తల్లిగారి తాన్నుంచే వచ్చింది."

ఇప్పుడు తొమ్మిదేళ్లకు నాకు మళ్లీ ఐదో నెల. నా నెత్తుటిలోనే ఏదో దోషం ఉందేమో, ఈ బిడ్డకూ అదే ఇస్తున్నానేమో అని దిగులుగా ఉంది. నువ్వు చదువుకున్నవాడివి. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

నీ అక్క,
శరణమ్మ

హైదరాబాదు
1944 జూలై 17

ప్రియమైన అక్కకు,

తప్పు నాదే. ఈసారి వచ్చినప్పుడు చెవి పట్టుకొని గుంజు.

నీ ఉత్తరం మా డాక్టర్ ఇస్హాక్ సాహెబ్‌కు చదివి వినిపించాను. చలిజ్వరం లేకుండా బల్ల పెరిగిందన్న మాట దగ్గర ఆయన కలం కింద పెట్టారు. తరతరాలుగా కళ్లు పచ్చబడే కుటుంబాల గురించి ఆయన ఎన్నాళ్లుగానో చదువుతున్నారు, కనబడిన కేసులన్నీ రాసిపెడుతున్నారు.

నాకు అర్థమైనంత చెప్తాను. మంచి రక్తకణం మధ్యలో నొక్కిన బిళ్లలాగా ఉంటుంది. పలచని ఉప్పునీళ్లలో వేస్తే నీళ్లు పీల్చుకొని ఉబ్బుతుంది, కొంతదాకా ఓర్చుకుంటుంది. ఈ జబ్బులో కణాలు ముందే గుండ్రంగా ఉంటాయి. ఇంకా ఉబ్బే చోటు లేక తొందరగా పగిలిపోతాయి. ఆ గుండ్రటి కణాలే ఒంట్లో బల్లలో చిక్కుకొని చచ్చిపోతాయి. కళ్లలో పచ్చదనం వాటిదే. బల్లను కోసి తీసేస్తే కణాలు గుండ్రంగానే ఉంటాయి కాని బతుకుతాయి. పిల్ల కూడా బతుకుతుంది.

నా పని పన్నెండు గాజు గొట్టాల్లో ఉప్పునీళ్లు పోయడం. మొదటి గొట్టం చిక్కన, పన్నెండోది అన్నిటికంటే పలచన. మంచి రక్తం తొమ్మిదో గొట్టం దాకా ఓర్చుకుంటుంది; కణాలు పగిలిన గొట్టంలో నీళ్లు ఎర్రబడతాయి.

ఇందులో ఒక చిక్కుంది. పుట్టుకతో కాక బతుకు నడుమ వచ్చే ఇంకో రోగంలో కూడా కణాలు ఇట్లాగే పగులుతాయి. అది వంశంలో రాదు. దానికి బల్ల తీసినా గుణం వస్తుందని చెప్పలేం, కోతకే ప్రాణం పోవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉందని తేలితేనే డాక్టర్ సాహెబ్ కత్తి పడతానంటున్నారు. అందుకని పిల్లదీ, నీదీ, బావదీ రక్తం కావాలి. మీ దవాఖానకు కొత్తగా వచ్చిన కంపౌండరుకు చిట్టీ రాస్తున్నాను. పొద్దున తీసి మధ్యాహ్నం రైలుకు పంపితే సాయంత్రానికి నా చేతికి అందుతుంది.

ఇంకో పని. రెండు వైపుల చుట్టాల్లో ఎవరెవరికి కామెర్ల వాత ఉందో చూడు. అడగకు, అడిగితే ఎవరూ చెప్పరు.

నీ తమ్ముడు,
మహాదేవప్ప

జహీరాబాద్
1944 ఆగస్టు 8

ప్రియమైన ఉప్పునీళ్ల పండితుడికి,

రక్తం నిన్న పంపాం, అందే ఉంటుంది. కంపౌండరు సరిగ్గా శ్రావణ సోమవారం నాడే వచ్చాడు. ఇంటి నిండా జంగమయ్యలు, న్యాల్‌కల్ నుంచీ రాయికోడ్ నుంచీ వచ్చిన చుట్టాలు. ముందు శివమ్మకు, తర్వాత నాకు తీశాడు. సీసాలోకి నా నెత్తురు పోతుంటే కళ్లు తిరిగాయి. నన్ను లోపల పడుకోబెట్టి, మీ బావ రక్తం తీయించే పని అత్తమ్మే దగ్గరుండి చూసుకుంది. ఉపవాసం నాడు నెత్తురేమిటని సణుగుతుందనుకున్నాను. ఒక్క మాట అనలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

నువ్వు చెప్పిన రెండో పని కూడా చేశాను. సాయంత్రం ఉపవాసం విడవడానికి విస్తళ్లు వేశాక వడ్డన నాదే అన్నాను. అన్నం పెడితే ఎవరైనా చెయ్యి చాపాల్సిందే కదా. ఒక్కొక్కరి మణికట్టు చూసుకుంటూ పోయి, మచ్చ కనబడినప్పుడల్లా కొంగుకు ఒక ముడి వేశాను. పప్పు ఒకాయనకు రెండుసార్లు పోశాను, ఇంకొకాయనకు మరిచాను. చివరికి ఐదు ముడులు తేలాయి. ఐదుగురూ మా అత్తమ్మ పుట్టింటివాళ్లే. మన వైపు వచ్చిన తొమ్మిది మందిలో ఒక్కరికీ లేదు. మీ బావ చెయ్యి కూడా సాఫే, కాకపోతే ఆయన కళ్లు ఎప్పుడూ కొంచెం పసుపుగానే ఉంటాయి. అది పైత్యమని అత్తమ్మ అంటుంది.

మా బండి తోలే జబ్బార్ నిన్నటి నుంచి మోచేతికి గుడ్డ కట్టుకొని తిరుగుతున్నాడు. కాడి తగిలిందట. వాడికి అత్తమ్మ స్వయంగా రెండు గిన్నెల పాయసం పోసింది. ఆమెలో ఇంత దయ ఈ శ్రావణంలోనే చూస్తున్నాను.

నీ కబురు కోసం ఎదురుచూస్తూ,
అక్క

హైదరాబాదు
1944 ఆగస్టు 11

ప్రియమైన అక్కకు,

శివమ్మ రక్తం ఐదో గొట్టంలోనే ఎర్రబడింది. నీది తొమ్మిదో గొట్టం దాకా నిలబడింది. నీలో ఏ దోషమూ లేదు, ముందు ఆ దిగులు తీసెయ్.

అయితే బావ రక్తం కూడా తొమ్మిది దాకా నిలిచింది. నాకు నమ్మకం కుదరక రెండోసారి చేశాను, మళ్లీ అంతే. నీ ఐదు ముడుల సంగతి చెప్తే డాక్టర్ సాహెబ్ శ్రద్ధగా విన్నారు. వాత లేని ఇల్లు ఆ తాలూకాలో ఎక్కడుంది, మచ్చలను బట్టి పిల్ల కడుపు కోయలేను అన్నారు. ఆయన మాటా నిజమే.

పిల్ల రక్తం మూడో వంతుకు పడిపోయింది, అక్కా. ఇంట్లో ఉంచకు. నువ్వు ఈ స్థితిలో రావద్దు, బావతో పంపు. ఏం చేయగలమో ఇక్కడ చూస్తాను.

నీ తమ్ముడు,
మహాదేవప్ప

జహీరాబాద్
1944 ఆగస్టు 14

ప్రియమైన తమ్ముడికి,

ఈ ఉత్తరం మీ బావ చేతికే ఇస్తున్నాను. అత్తమ్మ కూడా వస్తానని పట్టుపట్టి బయల్దేరింది. నీ జవాబు చదివి వినిపించినప్పటి నుంచి ఆమె సరిగ్గా అన్నం తినలేదు. నా దోషం లేదని తేలినందుకేమో అనుకున్నాను.

శివమ్మ మాంసం తినే ఇంటి పిల్ల కాదు, నెత్తురు పట్టడానికని మేక కార్జం రసం అదీ తాగించొద్దని చెప్పమంటోంది అత్తమ్మ. నేను మాత్రం ఏం తాగించినా సరే అంటున్నాను. దాని లింగకాయ మెడలోనే ఉండనివ్వు, తీస్తే భయపడుతుంది.

తమ్ముడూ, నా పిల్లను నాకు తిరిగి పంపు. ఇంకేమీ రాయలేను.

శరణమ్మ

హైదరాబాదు
1944 సెప్టెంబరు 4

ప్రియమైన అక్కకు,

ముందుగా శివమ్మ సంగతి: బతికింది. బల్ల తీసి ఎనిమిది రోజులైంది. టెలిగ్రాం ఇద్దామనుకున్నాను కాని, తార్ బంట్రోతును చూస్తేనే నీ గుండె ఆగుతుందని ఊరుకున్నాను. ఇప్పుడు కూర్చొని మిగతాది చదువు.

వచ్చిన మూడో రోజు డాక్టర్ సాహెబ్ మమ్మల్ని పిలిచి, తల్లిదండ్రులిద్దరి రక్తం బాగుంది కాబట్టి కోతకు సాహసించలేనన్నారు. ఇంటికి తీసుకుపోయి పిల్లను సుఖంగా ఉంచమన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలిసింది. బావ గోడకు ఆనుకొని నిలబడ్డాడు. మీ గిరిజమ్మ అత్తమ్మ నా దగ్గరికి వచ్చి సబ్బు అడిగింది.

ఆమె ఎడమచేతి వెడల్పాటి వెండి కడియం తెలుసు కదా. సబ్బు రాసి, చర్మం గీసుకుపోతున్నా దాన్ని లాగేసింది. కింద పావలా అంత మచ్చ, పాతబడి తెల్లగా ఉంది. ఆ చెయ్యి నా ముందు చాపింది.

"నాకు పొడువు నీ సూది. మీ తాన ఉన్న నెత్తురు నా కొడుకుది గాదు, జబ్బార్‌ది."

డాక్టర్ సాహెబ్‌కు తెలుగు బాగానే వచ్చు. కుర్చీలోంచి లేచారు.

తర్వాత ఆమె కూర్చొని అంతా చెప్పింది. చిన్నప్పుడు ఆమె కళ్లు పచ్చగా ఉండేవట. వాత పెట్టారు. ఆ కళ్లవల్లనే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడో సంబంధంవాళ్లు వచ్చేసరికి తల్లి కడియం తొడిగి, ప్రాణం పోయేదాకా తీయొద్దని ఒట్టు వేయించుకుంది. బావ కళ్లు పసుపుబడితే పైత్యమని అందరికీ చెప్పి, వాత పెట్టనివ్వకుండా పెంచింది. కంపౌండరు వచ్చిన రోజు, సోమవారం నెత్తురు తీయొద్దని బావను పెరటి దారిన తోటకు పంపి, ఆయన పేరుతో జబ్బార్‌ను కూర్చోబెట్టింది. కొత్త కంపౌండరుకు మన నాగప్ప బావ ఎవరో ఏం తెలుసు? బావకు సూదంటే భయం, అడగకుండా వెళ్లిపోయాడు; తన బదులు తల్లే ఇచ్చిందన్న మాట నమ్మి తర్వాత కూడా ఊరుకున్నాడు.

"నా కొడుకును ఎవ్వరు వేలువెట్టి చూపొద్దని చేసిన. పిల్ల పానం మీదికొస్తదని ఎరుక లేకుండె. శరణమ్మను అన్న మాటలు నా నోట్లెకెల్లి మళ్ల ఎనుకకు రావు. గా మాట రాయి నీ అక్కకు."

రాయమన్నది కాబట్టి రాశాను.

అదే సాయంత్రం పరీక్ష చేశాను. అత్తమ్మ రక్తం ఐదో గొట్టం, బావది ఆరో గొట్టం. గొట్టాలు ఎర్రబడుతుంటే డాక్టర్ సాహెబ్ నా భుజం తట్టారు. మా ఇద్దరి కళ్లలోనూ నీళ్లే. బావ మాత్రం సూది చూడగానే పడిపోయాడు. అది నువ్వు జన్మంతా వాడుకోవచ్చు.

కోత రోజు పిల్లకు రక్తం నేనే ఇచ్చాను. ఆరో రోజుకల్లా కళ్లు తెల్లబడ్డాయి. నిన్న వరండా చివరిదాకా పరుగెత్తి నర్సమ్మతో తిట్లు తిన్నది.

ఒకటి దాచను. బావకు ఉంది కాబట్టి కడుపులో బిడ్డకూ రావచ్చు, రాకపోవచ్చు. సగం సగం. వచ్చినా అదేమిటో, ఏం చేయాలో ఇప్పుడు మనకు తెలుసు.

నీ తమ్ముడు,
మహాదేవప్ప

జహీరాబాద్
1944 నవంబరు 26

ప్రియమైన తమ్ముడికి,

నీకు రెండో మేనకోడలు పుట్టింది. నేడు పదకొండో రోజు. శివమ్మ దాన్ని ఎత్తుకొని వీధంతా చూపిస్తానంటోంది. ఎత్తుకునే బలం వచ్చింది, ఆపే బలమే మాకు లేదు.

సెప్టెంబరులో నీ ఉత్తరం చదివి మూడు రోజులు కోపంతో ఉడికిపోయాను. తొమ్మిదేళ్లు ఆ మాటలు పడ్డాను కదా. వాళ్లు తిరిగొచ్చినప్పుడు అడగాల్సినవన్నీ వరుసగా కూడబెట్టుకున్నాను. అత్తమ్మ బండి దిగింది. చేతికి కడియం లేదు. గీసుకుపోయిన చోట ఇంకా పక్కు కట్టి ఉంది. వేడినీళ్లు పెట్టి ఆ చెయ్యి కడిగాను. ఇద్దరం ఏడ్చాం. మీ బావతో మాత్రం ఇంకో వారం మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. పుట్టిన రెండో రోజే చిన్నదాని కళ్లు పచ్చబడ్డాయి. పసిపిల్లలకు మామూలేనని మంత్రసాని అంది. ఇంకా తగ్గలేదు. ఈ పొద్దున హనుమమ్మ కబురందుకొని నిప్పుల కుంపటితో సహా వచ్చింది. నేను పురిటి మంచం మీద నుంచి లేవబోతే అత్తమ్మ ఆపింది. తానే పోయి గడపలో నిలబడి, మచ్చ ఉన్న చెయ్యి బారుగా చాపి తలుపుకు అడ్డం పెట్టింది.

"గీ ఇంట్ల వాత నాతోని ఆఖరు, హనుమమ్మా. గిది నా నెత్తురు, నాకు ఎరుకే. మా మహాదేవప్ప వస్తడు, పరీక్ష జేస్తడు."

వాకిట్లో నలుగురు ఆడవాళ్లు వింటుండగానే అన్నది. శివమ్మ మణికట్టు మచ్చను మాత్రం అత్తమ్మ లెక్కలోకి తీసుకోలేదు. అదెవరి పనో హనుమమ్మకు తెలుసు, కుంపటి ఎత్తుకొని వెళ్లిపోయింది.

చిన్నది ఇప్పుడు నా పక్కన పడుకుంది. కళ్లు పచ్చగానే ఉన్నాయి. శివమ్మ అట్లా ఉన్నప్పుడు ఆ కళ్లు చూడలేక ముఖం తిప్పుకునేదాన్ని. దీన్ని చూస్తూనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

శుక్రవారం సెలవే కదా, రా. గొట్టాలు పన్నెండూ తెచ్చుకో. ఉప్పు మా ఇంట్లో ఉంది.

నీ అక్క,
శరణమ్మ