పసుపు లేని ఉత్తరాలు

మిర్యాలగూడ,
ఆగస్టు 6

తమ్ముడు అంజన్నకు,

ఇది నీ ఎరువుల కొట్టు చిరునామాకు పంపుతున్నాను. మీ అక్క సావిత్రి కంట పడనీయకు.

జమున పోయి ఇరవై ఎనిమిది రోజులు. దినం నాడు నువ్వు నా చెయ్యి పట్టుకుని చెప్పావు. "అక్కకు చెప్పకు అన్నా. జమునక్క లేదని తెలిస్తే సూదికి రాదు. మళ్ళ గదిల పెట్టి తాళమెయ్యాలె. నాతోని కాదు." పదకొండేళ్లుగా నెలకోసారి మతి జబ్బు సూదికి ఆమెను సూర్యాపేట ఆసుపత్రికి తీసుకెళ్లింది నా భార్యే. ఆ స్నేహం మీదే ఆమె నిలబడిందని మనిద్దరికీ తెలుసు. అందుకే జమున చెల్లెలింటికి వెళ్లిందని అబద్ధమాడాం.

నేను అక్కడితో ఆగలేదు. జమున ఆమెకు వారం వారం ఉత్తరం రాసేది. అది ఆగకూడదని, జమున దస్తూరీ దిద్దుకుని నేనే రాశాను. మూడు ఉత్తరాలు. మూడింటికీ జవాబులొచ్చాయి.

మొదటిది: "నిన్న మా ఇంటికొచ్చినవ్ జమునా. పిలిస్తే పలకలే. గోడ దిక్కు తిరిగి కూసున్నవ్." జబ్బే అనుకున్నాను.

రెండోది: "ఆయన రెండు కంచాలు పెడ్తుండంటివి. రెండో దాంట్ల అన్నం ఎండిపోతుందంటివి." అది నిజం. నేనెవరికీ చెప్పలేదు. మా ఇంటికెవరూ రారు.

మూడోది నిన్న వచ్చింది: "ఆయన నా చెయ్యి పట్టుకొని రాస్తుండు, చెయ్యి గుంజుతుంది, ఇడిసిపెట్టమను అంటివి."

ఇక రాయలేను. సోమవారం సూదికి నేనే తీసుకెళ్లి, నిజం చెప్తాను. ఆమె తిరగబడితే తప్పు నాది.

నీ అన్న,
గోవర్ధన్


వేములపల్లి,
ఆగస్టు 12

అంజన్నా,

మీ అక్క సూది వేయించుకుని ఇల్లు చేరిందని నీకు తెలుసు. నన్ను ఒంటరిగా ఉండనీయకుండా మా అక్క సత్తమ్మ దగ్గర ఎందుకుంచారో తెలియదు. చెప్పాలి.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాక, "జమున లేదు సావిత్రీ," అన్నాను.

"ఎరుకే," అంది. "నీ మొదటి ఉత్తరం నాడే ఎరుక. ఉత్తరమంటే చావు కబురని నాకు భయం. అందుకే జమున నాలుగు మూలలకు పసుపు పెట్టి పంపుతది. నువ్వు ఉత్త కాగితం పంపినవ్. ఇంత సదువుకున్నవ్, నకలు కొట్టుడు గూడ రాదు నీకు."

కంచాల సంగతి అడిగాను. గుడికని నీకు చెప్పి, ఒంటరిగా బస్సెక్కి మిర్యాలగూడ వచ్చిందట. కిటికీలోంచి నన్ను చూసిందట.

"లోపలికి రాలేకపోయావా?"

"ఎట్లొస్త? నువ్వు కుర్చీతోని మాట్లాడుతున్నవ్. నువ్వు ఆమె పేరు మీద రాసినవ్, నేను ఆమె పేరు మీద జవాబు చెప్పిన. నా పేరు మీద చెప్తే ఇంటవా? పిచ్చిదాని మాట అంటవ్."

"ఆమె నిజంగా రాలేదా?"

"నాకాడికి ఎవరెవరో వస్తరన్నా. తిట్టిపోతరు. ఆమె ఒక్కతే వస్తలేదు."

అప్పుడు నీకు కూడా చెప్పనిది చెప్పాను. మధ్యాహ్నం పూట మా వంటింట్లో జమున దగ్గు వినిపిస్తోంది. మూడు రోజుల నుంచి పేరు పెట్టి పిలుస్తోంది. బతికుండగా ఆమె ఏనాడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు.

సావిత్రి ఉలికిపడలేదు. "పిలిచి ఏమంటది?"

"రమ్మంటోంది."

"అది జమున కాదు," అంది మెల్లగా. "గా పిలుపు నాకు ఎరుకే. ఎవరి గొంతు దొరికితే ఆ గొంతుతోని పిలుస్తది. నువ్వు పోవద్దు."

లేచి వెళ్లి లైన్లో నిలబడింది. రెండు డాక్టరు చిట్టీలతో తిరిగొచ్చింది. ఒకటి తన పేరున, ఒకటి నా పేరున. నా వయసు అరవై అని రాయించింది. నాకు యాభై మూడు.

"గడ్డం సూసి రాయించిన. ఇగ కూసో."

చాలాసేపటికి లోపలి నుంచి ఆడగొంతు వినిపించింది. గోవర్ధన్, అని. నేను కదల్లేదు. చెవులు మూసుకున్నాను.

సావిత్రి నా రెండు చేతులూ కిందికి దించింది.

"లేవన్నా. పిలిచింది నర్సమ్మ. నాకు గూడ వినవడ్డది."

నీ అన్న,
గోవర్ధన్