బీర్ ట్యాప్ హ్యాండిల్

శనివారం, ట్రాయ్

బేస్‌మెంట్‌లో బీర్ ట్యాప్ పెట్టించి నెల కాలేదు, మా పిల్లి అప్పుడే మూడోసారి దాన్ని తెరిచింది. దాని తప్పేముంది? కౌంటర్ ఎక్కి ఆ పొడవాటి హ్యాండిల్‌కి బుగ్గ రాసుకుంటుంది. అది వంగుతుంది, బీరు కారుతుంది. ఇవాళ ఆ బీరు నాకి, సోఫా మీద వాంతి చేసుకుంది. కొంచెం తాగినా ప్రాణం మీదికి వస్తుందని వెట్ డాక్టర్ చెప్పింది. ఇప్పుడు నా కాళ్ల దగ్గరే పడుకుంది. రాస్తూ మధ్యమధ్యలో దాని పొట్ట కదులుతోందా లేదా అని చూస్తున్నాను.

మా ఆయన పేరుకి ఇంజనీరు. మొదట, పిల్లులకి ఆ వాసన పడదని ట్యాప్ చుట్టూ నారింజ తొక్కలు పరిచాడు. తర్వాత, కాళ్లకి గరగరలాడితే ఎక్కదని కౌంటర్‌కి ఫాయిల్ చుట్టాడు. ఇవాళేమో, "దానికి ట్రైనింగ్ ఇప్పిద్దాం" అన్నాడు. పిల్లికట, ట్రైనింగట!

సాయంత్రం అత్తయ్య వీడియో కాల్ చేసి, "బేస్‌మెంట్ బాగా చేయించారటగా, చూపించరా" అన్నారు. మా ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి కిందికి పరుగెత్తాడు. నేను మెట్లు దిగేసరికి హ్యాండిల్ విప్పి జేబులో వేసుకున్నాడు. నాలుగు తిప్పులు, అంతే.

"ఆ గొట్టమేంట్రా?"

"వాటర్ ఫిల్టరమ్మా."

కాల్ అయ్యాక, "రోజూ అలా తీసేస్తే సరిపోతుందిగా?" అన్నాను.

"ప్రతిసారీ బిగించాలంటే పెయిన్ కదే!"

నలభై రెండేళ్లవాడు అమ్మకి భయపడితే నాలుగు తిప్పులు. పిల్లి ప్రాణానికి మాత్రం నారింజ తొక్కలు.

ఉతకడానికి పడేసిన ప్యాంటు జేబులోంచి హ్యాండిల్ తీసి, మినప్పప్పు డబ్బాలో అడుక్కి తోసేశాను. ఇల్లంతా వెతుక్కోనీ. పదకొండేళ్ల కాపురంలో ఆ డబ్బా మూత ఒక్కసారైనా తీసిన మనిషి కాదు.