వాన తెచ్చే నీలి ఎనుములు

బెంగళూరు
12 జూలై 1984

తాతకు నమస్కారాలతో మనవడు జయరాముడు రాసేది.

విత్తనానికి రాలేదని నువ్వు కోపంగా ఉన్నావని అమ్మ చెప్పింది. కారణం ఉంది తాతా. ఆ ఆదివారం ఇక్కడ బ్లూ బఫెలోస్ వాళ్ల కచేరీ. అంటే నీలి ఎనుములు. నలుగురు కుర్రాళ్లు, గిటార్లు, డ్రమ్ములు, ఇంగ్లీషు పాటలు. ఏ కంపెనీకీ తల వంచరు. తమ క్యాసెట్లు తామే చేసుకుని చేతిసంచుల్లో పెట్టుకుని అమ్ముకుంటారు. అదీ పౌరుషం!

కచేరీ మైదానంలో. మొదటి పాటకే కుండపోత వాన. ఒక్కరు కదిలితే ఒట్టు. మూడు గంటలు తడుస్తూనే విన్నాం. డ్రమ్ములు వాయించే టిప్ లండన్‌లో పుట్టినవాడిలా ఉంటాడు. అతను దెబ్బ కొడితే డ్రమ్ము మీద నీళ్లు ఎగిరిపడ్డాయి. చివర్లో నా భుజం మీద చెయ్యేసి, నీలాంటివాళ్ల కోసమే వాయిస్తున్నాం అన్నాడు.

వాళ్ల రెండు క్యాసెట్లు పార్శిల్లో పంపుతున్నాను. ఓబుళేసు అయ్యవారి టేప్‌రికార్డరులో విను. మొదటిది పిల్లచేష్ట, రెండోది అసలైన కళ. అర్థం కాకపోతే బాధపడకు, దానికి కొంత సంస్కారం కావాలి.

ఇట్లు,
నీ మనవడు జయరాముడు

తా.క. పార్శిల్లో ఒక టార్పాలిన్ కూడా ఉంది. నా సొంత డబ్బుతో కొన్నాను. చెనక్కాయ కుప్ప మీద కప్పుకో.


ఎర్రగుంటపల్లి, కుందుర్పి దగ్గర
20 జూలై

ఒరే జయరాముడూ, మీ తాత ఈశ్వరప్ప ఎవరిచేతా రాయించకుండా తానే రాసే ఉత్తరం. అక్షరాలు వంకర, మాట వంకర కాదు. ఈడ మనుషులు క్షేమం. చేను క్షేమం కాదు.

క్యాసెట్లు విన్నాము. అయ్యవారి ఇంటి ముందర సగం ఊరు కూచునింది. మొదటి క్యాసెట్టు బాగుండాది. పాడేవాని గొంతులో ఆకలి ఉండాది. రెండోదానికి వానికి ఎవరో కడుపునిండా పెట్టినట్టుండారు, గొంతు కునుకు తీస్తాండాది. నువ్వేమో రెండోదే కళ అంటివి. సంస్కారం బెంగళూరు నుంచి పార్శిల్లో పంపించే పని లేదు, ఈడా దొరుకుతాది. ఇంకొకటి. కంపెనీకి తల వంచలేదంటివే, వీళ్లు కంపెనీని వద్దన్నారా, కంపెనీ వీళ్లను వద్దనిందా? కనుక్కో.

పాటలు పక్కన పెట్టు. వాన సంగతి చెప్పు. మొదటి పాటకే పడిందా? ముందునుంచే మబ్బు ఉండిందా, వీళ్లు వాయించినాకే వచ్చిందా? వేరే కచేరీల్లో కూడా పడిందా?

జూన్‌లో ఒక పదును వాన పడితే విత్తినాము. ఆ పొద్దు నుంచి చుక్క లేదు. వాన కోసం మూడేండ్లుగా తోలుబొమ్మలాట ఆడిస్తాండాము. బొమ్మలు అరిగిపోయినాయి గానీ మబ్బు రాలేదు. వాన కోసం ఆడేవాళ్లకు మొదటి తాంబూలం ఇచ్చే పెద్దరికం మా తాత కాలం నుంచి మన ఇంటిది. ఇచ్చి ఇచ్చి నాకు మొగం చెల్లడం లేదు. ఆ పెద్దరికం మీద కన్నేసిన ఆదెప్ప మీసం కింద నవ్వుతాండాడు.

ఇట్లు,
వేలిముద్ర కాదు, సంతకమే: ఈశ్వరప్ప

తా.క. టార్పాలిన్ గట్టి సరుకు. మూలన ఒంటికొమ్ము ఎనుము బొమ్మ నీలిరంగుతో వేసుండారు. ఆ పాటలోళ్లు టార్పాలిన్లు కూడా అమ్ముతారా?


బెంగళూరు
27 జూలై

తాతకు, ఆనందంతో జయరాముడు.

నీకు కూడా బ్లూ బఫెలోస్ పిచ్చి పట్టిందని తెలిసి హాస్టలంతా చెప్పుకున్నాను. వాన సంగతి అడిగావు. ఒక్కసారేమిటి, వాళ్లు ఎక్కడ స్టేజీ ఎక్కినా వానే! మల్లేశ్వరంలో పడింది, మైసూరులో పడింది. అభిమానులం వాళ్లను వాన బ్యాండు అనే పిలుచుకుంటాం. అన్ని కచేరీలకూ నేను ముందు వరసలోనే ఉన్నాను. వాళ్లు నాకు ప్రాణస్నేహితులు. నన్ను అడగకుండా కొత్త పాట కూడా కట్టరు.

ఇట్లు,
జయరాముడు

తా.క. ఆ టార్పాలిన్లు అందరికీ అమ్మరు. ముఖ్యమైన అభిమానులకు మాత్రమే.


ఎర్రగుంటపల్లి
3 ఆగస్టు

ముఖ్యమైన అభిమానికి మీ తాత రాసేది.

నీ ఉత్తరం ఊరి పంచాయితీలో చదివి వినిపించినా. ఈసారి తోలుబొమ్మలు వద్దు, నా మనవని ఎనుములు వస్తాయి అని చెప్పినా. ఆదెప్ప లేచినాడు.

"ఏమప్పా ఈశ్వరప్పా, వానకు ఇంగ్లీషు పాటలా? మన ఊరి మబ్బుకు ఇంగ్లీషు వస్తాదా?"

"మూడేండ్లు తెలుగులో అడిగితిమి కదప్పా, యాడ వినింది?" అంటిని.

కూచున్నాడు. మళ్లీ లేచి, "పడకపోతేనో?" అన్నాడు. పడకపోతే తాంబూలం పెద్దరికం నీ ఇంటికి వదిలేస్తా అని అందరి ముందరా మాట ఇచ్చినా. కాబట్టి ఈ నెల ఇరవైలోపల నీ ప్రాణస్నేహితులను పిలుచుకొని రా. ఈడ కరెంటు మధ్యాహ్నమే ఇస్తారు. కచేరీ నా బోరు మోటరు కాడ. బోరులో నీళ్లు లేవు గానీ వైరులో కరెంటు ఉండాది.

ఇట్లు,
మాట ఇచ్చిన ఈశ్వరప్ప

తా.క. వాళ్లకు రాగి సంగటి మింగేది వస్తాదా? రాకపోతే నేర్పించి పిలుచుకొని రా. నమిలేవాళ్లను చూస్తే పక్కింటి బయమ్మ నవ్వుతాది.


బెంగళూరు
8 ఆగస్టు

తాతా,

ఎంత పని చేశావు! వాళ్లు కళాకారులు తాతా, వాన మంత్రగాళ్లు కాదు. వాళ్ల పాటలన్నీ నగరంలో మనిషి ఒంటరితనం గురించి. ఊరంతా చుట్టూ కూచుంటే మిట్టమధ్యాహ్నం బోరు మోటరు దగ్గర ఒంటరితనం ఎలా కుదురుతుంది?

పైగా టిప్‌కు కామెర్లు. గిటారు కుర్రాడు బొంబాయి పోయాడు. మిగతా ఇద్దరికీ మాటల్లేవు. వచ్చే ఏడాది చూద్దాం. ఈసారికి తోలుబొమ్మలతోనే సరిపెట్టుకోండి.

ఇట్లు,
కంగారులో ఉన్న జయరాముడు

తా.క. నువ్వు వాళ్లకు ఉత్తరం గిత్తరం రాయవద్దు. క్యాసెట్ అట్ట వెనక ఉన్న చిరునామా పాతది.


ఎర్రగుంటపల్లి
25 ఆగస్టు

చిరంజీవి జయరాముడికి, చిరంజీవిగా ఉండాలంటే కొన్నాళ్లు ఈ పక్కకు రావద్దని మీ తాత ముందుగా రాసే మాట.

అట్ట వెనక చిరునామా ఉందని నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు. మంచి పని చేసినావు. కవరు పైన ఇంగ్లీషులో అయ్యవారు రాసినాడు, లోపల తెలుగు నేను రాసినా. వారం తిరక్కుండానే నలుగురూ దిగినారు. టిప్‌కు కామెర్లు లేవు, బొంబాయి పోయినవాడు ఈడికే వచ్చినాడు, మాటల్లేని ఇద్దరూ బస్సు దిగినప్పటి నుంచి మాటలే మాటలు.

ఇంకో సంగతి. మీ లండన్ టిప్ మన రాయదుర్గం తిప్పేస్వామి. వాళ్ల నాయన సంతలో ఎనుముల దళారి. ఆ ఒంటికొమ్ము బొమ్మ వాళ్ల నాయన అమ్మిన ఎనుములకు వేసే గుర్తు. సంగటి నాకంటే పెద్ద ముద్ద మింగినాడు.

కచేరీ జరిగింది. మొదటి దెబ్బకే నా ఎనుములు రెండూ పలుపులు తెంపుకొని పోయినాయి. వాటి పేరు పెట్టుకున్న మర్యాదకైనా నిలుస్తాయి అనుకుంటిని. జనం మటుకు కదల్లేదు. బయమ్మ ముందర కూచుని, "ఆ పాడేవాని అరుపు మా ఆయన బతికుండగా ఎద్దుల్ని అదిలించినట్టే ఉండాదమ్మా" అని కండ్లు తుడుచుకునింది. మొదటి క్యాసెట్టు పాటలే పాడమన్నాము. వాళ్లూ రెండోది తమకే నచ్చలేదన్నారు. నీ సంస్కారానికి ఈ ముక్క చెప్పుకో.

వాన పడలేదు. మబ్బు కాదు గదా, ఆకాశంలో కాకి కూడా లేదు. కరెంటు పోయేదాకా వాయించినారు పాపం, చొక్కాలు పిండితే చెంబు నిండేది. ఆ పొద్దు ఊళ్లో పారిన నీళ్లు అవే. మాట మాటే కాబట్టి అందరి ముందరా పెద్దరికం ఆదెప్పకు ఇచ్చేసినా. వాడు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

తర్వాత సామాను సర్దేటప్పుడు తిప్పేస్వామి తలెత్తి పందిలి చూసినాడు. పందిలికి కప్పింది నువ్వు పంపించిన టార్పాలినే.

"తాతా, ఇది నీకు యాడిది?"

"నా మనవడు కొనిచ్చినాడప్పా. నీ ప్రాణస్నేహితుడు, జయరాముడు."

"ఎవరు?"

నీ ఫోటో చూపించినా. కొంచేపు చూసి, "ఓ, ఈయనా! ఆ పొద్దు వాన మొదలుకాగానే మా స్పీకర్ల మీద కప్పింది పెరుక్కొని నెత్తిన వేసుకొని పరిగెత్తినోడు. స్పీకర్లు తడిసి కాలిపోయినాయి తాతా. ఇంకా బాగు చేయించలేదు, ఈడికి తెచ్చినవి అద్దెవి" అన్నాడు.

నాకు తల యాడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దరికం పోయినప్పుడు కూడా అట్లా కాలేదు. టార్పాలిన్ విప్పి, నా చేత్తో మడిచి, వాళ్లకు ఇచ్చినా.

"అయితే మూడు గంటలు వానలో వాయించినారని రాసినాడే?" అంటిని.

"ఒక్క పాట కూడా వాయించలేదు తాతా. గిటారు తీగ సరిచేసుకుంటాంటేనే వాన, జనం పరుగు. మల్లేశ్వరంలోనూ అంతే, మైసూరులోనూ అంతే. వాన పడిన యాడా మేము వాయించలేదు. వాయించిన యాడా వాన పడలేదు."

అప్పుడు నాకు బుర్ర తెరుచుకునింది. వాళ్లను నిలబెట్టి, ఉన్నపళంగా ఆదెప్ప ఇంటికి పోయినా.

"ఆదెప్పా, వాళ్ల తప్పు కాదు, మనదే తప్పు. వీళ్లు వచ్చి వాయించకుండా ఉంటే వాన పడతాది. మనం తెలీక వాయించనిస్తిమి!"

ఆదెప్ప చేను పక్కకు చూసినాడు. వానిదీ ఎండిన చేనే. "మరి ముందే కనుక్కోకూడదా అన్నా!" అన్నాడు. అన్నా అని వాడు నన్ను పిలిచి ఇరవై ఏండ్లయింది. వచ్చే ఏడాది విత్తనం అయినాక వాళ్లు వచ్చి, డ్రమ్ములు పెట్టుకొని, తాంబూలం తీసుకొని, వాయించకుండా కూచోవాలని తీర్మానం. వాన పడితే పెద్దరికం తిరిగి మన ఇంటికి. తిప్పేస్వామి ఒప్పుకున్నాడు. తమను రమ్మని ఉత్తరం రాసింది ఇంతవరకు నేనొక్కడినే అంట, అందుకని.

ఇట్లు,
వాళ్ల కచేరీ నిజంగా విన్న నీ తాత ఈశ్వరప్ప

తా.క. వాయించని కచేరీకి నువ్వు తప్పకుండా రా. మా ఎవరికీ అది వినే అలవాటు లేదు. యాడ చప్పట్లు కొట్టాలో నీకు తెలుసు.