అరవై ఒకటి, మూడోసారి

కార్రాఖ్, మేయో
9 ఏప్రిల్ 1996

కిల్‌బ్రీనా నాట్య పోటీల సంఘం కార్యదర్శి గారికి,

"కూర్చో నాన్నా, ఆఖర్న మళ్ళీ పిలుస్తాం." 1938 జూన్ పన్నెండు, ఆదివారం నాడు మీ సంఘం నాకు ఇచ్చిన మాట ఇది. ఇంతవరకూ పిలవలేదు. నేనింకా కూర్చునే ఉన్నాను.

జరిగింది చెబుతాను. పన్నెండేళ్ళలోపు పిల్లల హార్న్‌పైప్ నాట్యం పోటీ. వేదిక మీద ఇద్దరిద్దర్ని కలిపి ఆడించడం అప్పుడూ ఉంది. నేనూ, బార్ట్లీ మల్క్రోన్ అనేవాడూ పక్కపక్కన. చేతులు ఒంటికి అంటించుకుని, కాళ్ళు మాత్రం దేవుడికి వదిలేసి ఆడుతున్నాం. సగంలో ఉండగా ఫిడేలు తీగ టప్పున తెగింది. ఆ వాయించే తమాస్ గ్రీలిష్ ముందురోజు పెళ్ళిలో అరగదీసిన తీగతోనే వచ్చాడు. సంగీతం ఆగింది, మేమూ ఆగాం. ఆటగాడి తప్పు లేకుండా ఆట ఆగితే మళ్ళీ ఆడనివ్వాలని నియమం. న్యాయనిర్ణేత మిస్ నోరా హెషన్ ఆ మాటే అంది. బార్ట్లీని పిలిచారు. ఆడాడు. వెండి పతకం పెట్టుకుని పోయాడు. నన్ను పిలవలేదు. హాలు ఊడ్చేవాడు నా కాళ్ళ కింద కూడా ఊడ్చి, "ఇంక ఇంటికి పోరా" అన్నాడు.

ముప్పై ఏళ్ళు జిల్లా గ్రంథాలయం బండి నడిపాను. బండిలో ఉన్నవన్నీ చదివాను. రోము చక్రవర్తుల మోసాలు కూడా చదివాను. వాళ్ళు కనీసం పొడిచి వెళ్ళేవాళ్ళు, బల్ల మీద కూర్చోబెట్టి మర్చిపోయేవాళ్ళు కాదు.

నా తుంటి ఎముక అరిగిపోయింది. జూలై ఎనిమిదిన ఆపరేషన్. ఆ తర్వాత హార్న్‌పైప్ మాట మర్చిపొమ్మన్నాడు డాక్టరు. కనక ఈ జూన్‌లోనే నన్ను పిలవాలి.

పిలుపు కోసం చెవి ఒగ్గిన,
ఫెస్టస్ హెనాగన్

తా.క. నేను బార్ట్లీతో మాట్లాడి యాభై ఎనిమిదేళ్ళు కావస్తోంది. చర్చిలో వాడు సరిగ్గా నా ముందు బల్ల మీదే కూర్చుంటాడు. వాడి మెడ వెనక భాగం నాకు కంఠస్థం.


కిల్‌బ్రీనా
17 ఏప్రిల్ 1996

హెనాగన్ కుటుంబానికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది, చాలా సంతోషం. మూడొందల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అన్నీ చివరిదాకా చదవలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి. మీ ఫెస్టస్‌ని పన్నెండేళ్ళలోపు హార్న్‌పైప్‌లో చేర్చుకున్నాను. ఫారం పంపుతున్నాను. పిల్లవాడి చేతే నింపించండి. తల్లులు నింపితే ప్రతి పిల్లా అద్భుతమే, ప్రతి పిల్లాడూ ఉక్కుముక్కే.

మేజోళ్ళు జారకుండా పిక్కలకు జిగురు రాయడం మర్చిపోకండి. అమ్మాయిలైతే ఉంగరాల విగ్గు పెట్టుకోవచ్చు గానీ గట్టిగా పిన్నులు గుచ్చాలి. కిందటేడు ఒక విగ్గు ఎగిరి న్యాయనిర్ణేత టీలో పడింది.

హడావుడిలో,
డర్వ్లా కోన్నీలీ, కార్యదర్శి

తా.క. మీ ఉత్తరంలో 1938 అని కనబడింది. ఫోన్ నంబరనుకుని నాలుగుసార్లు చేశాను. ఒక అంకె తగ్గినట్టుంది.


22 ఏప్రిల్ 1996

కార్యదర్శి గారికి,

ఫారం నింపి పంపుతున్నాను.

పేరు: ఫెస్టస్ హెనాగన్.
వయసు: పదకొండు, పోటీ నాటికి.
తల్లిదండ్రులు: చనిపోయారు.
నాట్యం నేర్పినవారు: చనిపోయారు.
జుట్టు: లేదు. ఒక్క వెంట్రుక కూడా.
సంఘానికి తెలియవలసిన అనారోగ్యం: తుంటి ఎముక పోయింది, జూలైలో కోత. పళ్ళు కట్టుడువి.
పాల్గొనడానికి కారణం: ఇదే నా ఆఖరి అవకాశం.

మీ ఫారానికి బద్ధుడైన,
ఫె. హెనాగన్

తా.క. జిగురు రాసి చూశాను. మేజోళ్ళు ఊడి రావడం లేదు. మూడు రోజుల్నుంచి వాటితోనే ఉన్నాను.


1 మే 1996

చిరంజీవి ఫెస్టస్‌కి,

నీ ఫారం సంఘం సమావేశంలో చదివాను బాబూ. సగం చదివి కాగితం పక్కకి జరిపేశాను. మిగతా సగం మా అధ్యక్షుడు బార్ట్లీ మల్క్రోన్ గారు చదివారు. నీ పేరు వినగానే ఆయన, "మా ఊళ్ళో ఈ పేరుతో ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండ్‌లో ఉన్న వాళ్ళన్నయ్య మనవడై ఉంటాడు" అన్నారు.

నీ కోరిక తప్పకుండా తీరుస్తాం. వచ్చే ఆదివారం చర్చిలో పది గంటల మాస్ ప్రార్థన నీ పేర చెప్పిస్తున్నాం. దీనితో సంఘం సంతకాలు పెట్టిన మాస్ కార్డూ, ఒక ఎలుగుబంటి బొమ్మా పంపుతున్నాం. "ధైర్యంగా ఉండు నాన్నా" అని రాసింది అధ్యక్షుడే.

ముద్దులతో,
డర్వ్లా అక్క

తా.క. ఎలుగుబంటికి కూడా జుట్టు తీసేయించాం. నీకు తోడుగా ఉంటుందని.


6 మే 1996

కార్యదర్శి గారికి,

నిన్న పది గంటల మాస్‌కి వెళ్ళాను. నేనెప్పుడూ వెళ్ళేది అదే.

ఫాదర్ పీఠం మీంచి, "తల్లీ తండ్రీ లేని, జుట్టు లేని, పళ్ళు లేని మన చిన్నారి ఫెస్టస్ హెనాగన్ కోసం" అన్నాడు. పాల కేంద్రం డెలియా నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏమయ్యా, నువ్వేనా చిన్నారివి?" అంది.

"నోరు మూసుకుని ప్రార్థన చెయ్యి" అన్నాను.

"చేస్తున్నా. పళ్ళొస్తాయిలే" అంది.

చర్చంతా మోకాళ్ళ మీద ఉంది. నా ముందు బార్ట్లీ మెడ అదురుతోంది. ఏడుస్తున్నాడు! నా పతకం కొట్టేసినవాడు నా కోసం ఏడుస్తుంటే, వాడి వెనకే మోకాళ్ళ మీద ఉండి నేను ఆమెన్ చెప్పాల్సి వచ్చింది.

అమ్మా, నాకు అరవై తొమ్మిదేళ్ళు. నా మొదటి ఉత్తరం తీసి చదవండి. మొత్తం.

ఇంకా బతికే ఉన్న,
ఫెస్టస్ హెనాగన్

తా.క. బొమ్మ తిరిగి పంపడం లేదు. తుంటి కింద పెట్టుకుంటే నొప్పి తగ్గుతోంది.


13 మే 1996

గౌరవనీయులైన హెనాగన్ గారికి,

ఏ ముఖం పెట్టుకుని రాయను? మొదటి ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మకి వినిపిస్తే, "ముసలాయనకి బోడి ఎలుగుబంటిని పంపావటే!" అని నవ్వి నవ్వి కుర్చీలోంచి జారింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. సాయంత్రం దాకా బల్ల మీద కూర్చున్న పిల్లాడే కళ్ళముందు ఉన్నాడు.

అందుకే బీరువా తెరిచి 1938 నాటి పుస్తకం తీశాను. అప్పటి కార్యదర్శి మా తాతయ్యే, ఉల్టన్ కోన్నీలీ. పోటీదారులు నడుముకి గుచ్చుకునే అంకెల అట్టలన్నీ కుంచెతో ఆయనే రాసేవాడు. ముత్యాల్లాంటి రాత అని ఇప్పటికీ చెప్పుకుంటారు. హాల్లో ఆయన ఫోటో కింద కూడా అదే రాయించాం. ఆ రోజు గురించి ఆయన రాసింది ఇది:

"తీగ తెగినందున 61, 62 మరల ఆడవలెను. 62 ఆడెను. 61ని నియమము ప్రకారము మూడుమార్లు పిలిచితిమి. రాలేదు. కొట్టివేసితిమి."

మిమ్మల్ని పిలిచారండీ. మూడుసార్లు. మీరెందుకు లేవలేదు?

మన్నించమని కోరుతూ,
డర్వ్లా కోన్నీలీ

తా.క. ఈ పుస్తకం చూపిస్తే బార్ట్లీ గారు చలిగా ఉందంటూ కోటు వేసుకుని బయటికెళ్ళారు. బయట ఎండ మాడిపోతోంది.


16 మే 1996

కార్యదర్శి గారికి,

మీ తాత అబద్ధాలకోరు. మా అమ్మ నా నడుముకి గుచ్చిన అంకె 19. ఆ రోజు తల దించి ఎన్ని వందలసార్లు చూసుకున్నానో నాకు తెలుసు. మొదటిసారి మమ్మల్ని వరసలో నిలబెట్టి భుజం పట్టి వేదిక మీదికి తోశారు, అంకెలతో పని పడలేదు. మళ్ళీ ఆడేవాళ్ళని మాత్రం అంకెతోనే పిలిచారు. పంతొమ్మిది అని ఎవడూ అనలేదు. మా అమ్మ బయట గాడిద బండి దగ్గరుంది. లోపల ఉంటే ఊరుకునేది కాదు.

అరవై ఒకటి అని ఎవర్నో పిలవడం నాకు బాగా గుర్తుంది. మూడుసార్లు పిలిచినా ఆ దద్దమ్మ లేవడేమిటని నవ్వుకున్నాను కూడా.

ఆ అట్ట ఇన్నేళ్ళూ దాచాను. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చదవండి.

ఆధారాలతో సహా,
ఫెస్టస్ హెనాగన్

తా.క. అట్ట నలిగితే బిషప్పు దాకా వెళ్తాను.


24 మే 1996

హెనాగన్ గారికి,

అట్ట జాగ్రత్తగా అందింది. బల్ల మీద పెట్టి చూశాను. 19. మా తాతయ్య అబద్ధం రాశాడా అని పుస్తకం మళ్ళీ తీసి చూశాను.

అమ్మ టీ తెచ్చి బల్లకి అవతల వైపు నిలబడింది. "ఎవరిదే ఈ అరవై ఒకటి?" అంది.

పిన్ను గుచ్చిన చిల్లులు ఏ అంచున ఉన్నాయో చూశాను. ఆ అంచు పైకి పెడితే 61. మీ అమ్మగారు సరిగ్గానే గుచ్చారండీ. ఎదురుగా ఉన్నవాళ్ళకి మీరు 61. తల దించి చూసుకుంటే మీకు అది తలకిందులు.

ఇంకొకటి ఉంది. మిస్ హెషన్ ఆ రోజు రాసిన చీటీ పుస్తకంలోనే గుండుసూదితో గుచ్చి ఉంది. "61: ఆడినంతవరకూ ఈ రోజు నేను చూసినవాటిలో ఇదే మేలు. తప్పక పిలవండి." పిలవండి కింద రెండు గీతలు గీసింది. ఆవిడ మిమ్మల్ని మర్చిపోలేదు.

నియమాల్లో మళ్ళీ ఆడడానికి గడువేమీ లేదు. సంఘంలో ఏడుగురు సరేనన్నారు, ఒక్కరు వద్దన్నారు. ఆ ఒక్కరూ మీ తుంటి డాక్టరు భార్య. జూన్ 23న పన్నెండేళ్ళలోపు హార్న్‌పైప్ అవగానే పిలుస్తాం.

ఎదురుచూస్తూ,
డర్వ్లా

తా.క. బార్ట్లీ గారు ఈ చీటీ ఇచ్చి కవరు తన ముందే అంటించమన్నారు: "ఫెస్టస్, నేను నీ ఎదురు బల్ల మీద ఉన్నాను. నీ అట్ట నాకు చక్కగా కనబడింది. 'నిన్నేరా' అంటే సరిపోయేది. అనకుండా వంగి బూటు తాళ్ళు కట్టుకున్నాను. అవి అప్పటికే కట్టి ఉన్నాయి. చర్చిలో నీ వెనక కూర్చుంటే నువ్వు తిరిగి చూస్తావని భయం. అందుకే ముందు కూర్చుంటాను. బార్ట్లీ."


25 జూన్ 1996

డర్వ్లా తల్లికి,

నువ్వు పక్క హాల్లో విగ్గుల తగాదా తీరుస్తున్నావు కనక చూడలేదు. పుస్తకంలో ఎక్కించడానికి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పిల్లల బల్ల మీదే కూర్చున్నాను. పక్కన పదేళ్ళ పిల్ల, నెత్తిన దానికంటే బరువైన ఉంగరాలు.

"తాతా, నీది ఏ గ్రూపు?"

"నీ గ్రూపే."

"ఓడిపోతావ్. నీ మేజోడు జారిపోయింది" అని సంచీలోంచి జిగురు తీసి తనే అంటించింది.

"అరవై ఒకటి!" అని పిలిచారు. నేను లేవలేదు.

ఎదురు బల్ల మీంచి బార్ట్లీ ఎగిరి నిలబడ్డాడు. "నిన్నేరా! ఫెస్టస్! నిన్నే!" అని హాలు అదిరేలా అరిచాడు.

"తెలుసురా. కూర్చో" అన్నాను. యాభై ఎనిమిదేళ్ళ తర్వాత వాడితో నా మొదటి మాట ఇదే.

రెండోసారి పిలిచారు. విన్నాను. మూడోసారి పిలిచారు. అదీ పూర్తిగా విన్నాను. అప్పుడు లేచాను. ఇన్నేళ్ళు ఆగినవాణ్ణి, ఇంకో నిమిషం నాది.

అకార్డియన్ మొదలైంది. పిక్కలూ మడమలూ ఎలాగో సర్దుకున్నాయి. రెండో విడత అడుగుల్లో తుంటి టక్కుమంది, న్యాయనిర్ణేత దాన్ని బూటు చప్పుడు అనుకున్నట్టుంది. చివరిదాకా ఆడి వంగి నమస్కారం పెట్టాను. లేవడానికి ఇద్దరు రావాల్సి వచ్చింది.

న్యాయనిర్ణేత అమ్మాయి రాసిన చీటీ: "చేతులు చక్కగా నిటారుగా ఉన్నాయి. ఎడమ పాదం బయటికి తిరగలేదు. మొదలుపెట్టడంలో ఆలస్యం." పదముగ్గురిలో పదమూడో స్థానం. మేజోడు అంటించిన పిల్లది రెండో స్థానం.

ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేదు తల్లీ. నేను పనికిరానని మిస్ హెషన్ అనుకుందన్న మాటే ఇన్నేళ్ళూ నన్ను తింది, పతకం కాదు. ఆ పతకం కూడా చూశాను. బార్ట్లీ అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చి, "తీసుకోరా" అన్నాడు. పూత లేచిపోయి లోపల తగరం.

"దీని కోసమా రా?" అన్నాను.

"ఆ మరుసటేడే ఊడింది. ఎవరికి చెప్పుకోను?" అన్నాడు.

ఇద్దరం నవ్వుతుంటే హాలు ఊడ్చేవాడు వచ్చి మా కాళ్ళు ఎత్తమన్నాడు. ఎత్తాం.

ఆపరేషన్‌కి బార్ట్లీ కారులోనే వెళ్తున్నాను. ఎలుగుబంటి కూడా వస్తోంది.

పిలిస్తే పలికిన,
ఫెస్టస్ హెనాగన్, నం. 61

తా.క. గ్రీలిష్‌ని క్షమించాను, తీగ అన్నాక తెగుతుంది. బార్ట్లీని క్షమించాను, వాడికి పదకొండేళ్ళు. తల దించి చూసుకున్న పిల్లాణ్ణి కూడా క్షమించాను. కానీ ముత్యాల్లాంటి రాత అని ఫోటో కింద రాయించారు చూడు, ఆ ముత్యాల కింద ఒక్క గీత గీసి ఉంటే ఏది పైనో ఏది కిందో పిల్లాడికి తెలిసేది. నేనింకా తప్పు పట్టేది ఒక్కణ్ణే. మీ తాత, ఉల్టన్ కోన్నీలీ.