ఫట్సాని బిడ్డ సంగతి

అమ్మకు,

నీ కూతురు జియోనె మోకరిల్లి రాస్తున్న ఉత్తరం. అన్నయ్య ఇంట్లో నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం.

బ్లాంటైర్ చలి నీ మోకాళ్ళకు పడదు, గుడ్డ చుట్టుకో. ఈసారి షిరే నది మన చేలోకి రాలేదు, మొక్కజొన్న దక్కింది. నా ఉద్యోగం గురించి అడిగావు. లేదమ్మా. పరాయి దేశంవాళ్ళు సాయం ఆపేశారని జనవరి ఆఖర్న ఒక్క కాగితం వచ్చింది. ఆ రోజే మా ఎయిడ్స్ మందుల గది మూయించారు. మోటారు సైకిల్ మీద రక్తపు సీసాలు పరీక్షకు తీసుకెళ్ళే లైసన్ ఇప్పుడు చేపలమ్ముతున్నాడు. "వీటినైతే ఎవరూ ఆపమనరు వదినా!" అని నవ్వుతాడు.

'ఫట్సాని పురుడు సంగతి రెండుసార్లు అడిగినా చెప్పవేం?' అని రాశావు. నువ్వు మంత్రసానిగా పురుడు పోస్తే నీ చేతుల మీద పుట్టిన పిల్ల కదా ఫట్సాని, అడుగుతావు. ఆమెకు మగపిల్లాడు. మొన్న పరీక్ష చేస్తే తల్లికున్న ఎయిడ్స్ జబ్బే వాడికీ వచ్చిందని తేలింది.

ఇది కాదు నేను దాచింది.

గది మూసిన నాలుగో రోజున ఫట్సాని ఎనిమిదో నెల కడుపుతో నడిచి వచ్చింది. "మాత్రలు అయిపోయి మూడు రోజులైందక్కా" అంది. జిల్లా ఆసుపత్రికి వెళ్ళమన్నాను. "ఈ కడుపుతో పగలంతా ఎట్లా నడిచేది?" అని, అరుగు మీద చాలాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. అమ్మా, అప్పుడు లోపల బీరువా నిండా, కడుపులో బిడ్డకు జబ్బు అంటకుండా కాపాడే ఆ మాత్రలే ఉన్నాయి. తాళంచెవి నా కొంగునే ఉంది. ఎవరూ ముట్టుకోవద్దని ఆ కాగితంలో ఉంది. మాట వింటే నన్ను మళ్ళీ పిలుస్తారనుకున్నాను. ఎవరూ పిలవలేదు.

నిన్న వెళ్ళి ఆమెతో చెప్పేశాను. పిండి దంచుతున్నదల్లా ఆగింది.

"తాళంచెవి నీ దగ్గరే ఉందా?"

"ఉంది."

"నేను అరుగు మీద కూర్చున్నంతసేపూ?"

"ఊఁ."

తిట్టినా బాగుండేది. మళ్ళీ రోకలి అందుకుంది. పిల్లాడు ఏడిస్తే ఎత్తుకోబోయాను. "వద్దు, నేను ఎత్తుకుంటాలే" అంది.

గురువారం వాడి మందు కోసం జిల్లా ఆసుపత్రికి వెళ్తుందట. నన్ను తోడు రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. పెందలాడే వెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు నిలబడతాను.

ఇట్లు,
నీ చేతి గుణం రాని నీ కూతురు,
జియోనె