పంపుహౌసు తలుపు ఎటువైపు

బావగారికి నమస్కారాలు.

కొత్త పంపుహౌసు గోడలు భుజాలెత్తు లేచాయి. పాత పంపు ఆయాసంతో మూలుగుతోంది. గుట్టమీది ఆసుపత్రికి నీళ్లెక్కడం లేదని రోజూ కబురొస్తోంది. మీరు పంపిన డ్రాయింగు మడత దగ్గర చిరిగింది, సరిగ్గా తలుపు ఉన్నచోటే. ఎటువైపు పెట్టమంటారు? సైటుకు ఫోను రాలేదు, జవాబు ఆఫీసు జీపులోనే పంపండి.

మీ మాట జవదాటని బావమరిది

తా.క. తలుపే లేకపోతే దొంగల భయం ఉండదు కదా అంటున్నాడు మేస్త్రీ.

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

తలుపు ఎడమవైపు. పంపు అటునుంచే లోపలికి రావాలి కాబట్టి వెడల్పు తగ్గించకు. తెలివైనవాడికి ఒక్క మాట చాలు.

నీ మేలు కోరే బావ

తా.క. ఇంతదానికి జీపు తిప్పాలా అని మీ అక్క అడిగింది. మన శాఖ పనులు ఆమెకు అర్థంకావులే అని ఊరుకున్నాను.

బావగారికి నమస్కారాలు.

ఎడమవైపే ద్వారం ఎత్తి, కప్పు కూడా పోసేశాం. తీరా చూస్తే గడప దాటి బయట అడుగు పెట్టగానే పెద్ద నీళ్లతొట్టి. పంపును దింపే క్రేను ఎక్కడ నిలబడాలో అర్థంకావడం లేదు. మీకు మాట రానివ్వను. నేను చూసుకుంటాను, నిశ్చింతగా ఉండండి.

మీ బావమరిది

తా.క. క్రేను డ్రైవరు వచ్చి చూసి, మేస్త్రీకి ఈత వచ్చా అని అడిగి వెళ్లాడు.

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నేను ఎడమ అన్నది రోడ్డుమీద నిలబడి చూస్తే. నువ్వు రోడ్డుకు వీపు పెట్టలేదు కాబోలు. నీ మొహం ఎటు తిరిగి ఉందో నేనూ అడగలేదు. ఇకమీదట కుడి ఎడమలు వద్దు, తొట్టివైపు, దానికి ఎదుటి పక్కన మైదానంవైపు అని రాసుకుందాం.

కట్టినదాన్ని కూలగొట్టడం నాకిష్టం లేదు. నీ తలుపే ఉండనీ. పంపును క్రేనుతో కాకుండా, తొట్టి పక్కనుంచి దుంగలమీద దొర్లించి లోపలికి తెచ్చేలా డ్రాయింగు మార్చాను. మైదానంవైపు ఇక పని లేదు కనుక, పెద్ద పైపులన్నీ అక్కడే దింపమని లారీలు పంపాను.

బావ

తా.క. చూసుకుంటాను అన్నావు, సంతోషం. చూస్తూ ఊరుకో, ఏమీ చెయ్యకు.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందేసరికే నేను చూసుకోవడం అయిపోయింది. తొట్టివైపు తలుపు ఇటుకలతో మూసేసి, మైదానంవైపు గోడ కొట్టించి కొత్త ద్వారం పెట్టించాను. దాని ముందు ఇప్పుడు మీ పైపులు కొండలా పడి ఉన్నాయి. ఇకనుంచి ఒకరినొకరం అడక్కుండా మీరు కాగితం మార్చొద్దు, నేను గోడ మార్చను. పంపు బయలుదేరిందట. పాతది ఇవాళో రేపో అన్నట్టుంది.

మీ బావమరిది

తా.క. ఇది పంపుహౌసా, దాగుడుమూతలా అని మేస్త్రీ అడిగాడు. జవాబు మీరే రాయండి.

బావగారికి నమస్కారాలు.

పాత పంపు పొద్దున్నే కన్నుమూసింది. అంత బరువు పైపులు కదిలించే వ్యవధి లేదు. పచ్చిగోడే తేలికని తొట్టివైపు మళ్లీ కొట్టించాను. అప్పుడే దిగిన కొత్త పంపును మీరు చెప్పినట్టే దుంగలమీద దొర్లించి లోపల కూర్చోబెట్టాం. మేస్త్రీ గుట్టెక్కి, ఆసుపత్రి కొళాయిలో నీళ్లు చూసి వచ్చి, నా భుజం తట్టాడు. నాకు కళ్లు చెమర్చాయి.

ఆ సమయానికే తనిఖీకి పెద్దసారు దిగారు. ఎదురెదురుగా రెండు ద్వారాలు. వాటి మధ్య నిలబడి ఒకసారి తొట్టివైపు, ఒకసారి పైపులవైపు చూశారు. చివరికి, "ఈ రెండు తలుపుల ఆలోచన ఎవరిది?" అన్నారు.

"మా బావగారిది సార్" అన్నాను.

"గాలి ఎంత బాగా ఆడుతోందయ్యా. మన పంపుహౌసుల్లో మనుషులు ఉడికిపోతుంటారు. ఇక కట్టేవన్నీ ఇలాగే ఉండాలి. ఆయన్నే సైట్లకు పంపించి దగ్గరుండి కట్టిద్దాం" అన్నారు. మీ బదిలీ ఉత్తర్వు ఈ జీపులోనే వస్తోంది.

మీ బావమరిది

తా.క. తిడతారనుకుని మీ పేరు చెప్పాను బావగారూ. పొగుడుతారని తెలిస్తే నా పేరే చెప్పుకునేవాణ్ని.