చేతులు శుభ్రంగా ఉన్నాయట!

జంగారెడ్డిగూడెం,
17-9-1999, శుక్రవారం.

చిరంజీవి సాయిదుర్గకు, నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని పురాణాలు చెప్పిన పెద్దమ్మ వీరవేణి, నిండు మనసుతో దీవించి రాయునది.

ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు చెప్పుకున్నాకే తర్వాతి పేరా చదువు. యుద్ధం మధ్యలో దశరథ మహారాజు రథానికి శీల ఊడిపోతే, కైకమ్మ తన వేలు అడ్డం పెట్టి చక్రం పడిపోకుండా కాపాడింది కదా. ఆ శీల ఎక్కడుంటుందో ఆవిడకి ముందే ఎలా తెలుసే?

మొన్న కొయ్యలగూడెం చవితి పందిట్లో ఇదే అడిగాను. మగాళ్లందరూ వరాల సంగతి ఎత్తుకున్నారు. శీల సంగతి ఒక్కడూ ఎత్తలేదు. వెనక వరసలోంచి ఒక ముసలావిడ లేచి, అంతకుముందెప్పుడో రథం కిందకి దూరి చూసే ఉంటుందండీ అంది. మైకు పట్టుకునే ఆవిడకి దణ్ణం పెట్టాను. పట్టుచీర ఎగదోపుకుని రథం కిందకి దూరిన రాణీ! ఆ ముక్క మనకెవరూ చెప్పలేదు. వరాలడిగిందని మాత్రం ఊరూరా తిడతారు.

నీ కార్డు అందింది. వర్క్‌షాపులో మాస్టారు నిన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నువ్వు రికార్డు రాసుకో తల్లీ, ఆకురాయి పట్టి ఇనుము రుద్దడం అబ్బాయిలు చూసుకుంటార్లే అన్నారని రాశావు. కుర్రాళ్లంతా నవ్వారనీ, మెస్సులో నిన్ను గ్రీజమ్మ అంటున్నారనీ రాశావు. కంప్యూటర్స్‌లో సీట్లు మిగిలాయి, శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేలోపు కాగితం ఇస్తే మెకానికల్ నుంచి మారిపోవచ్చు, నాన్న సరేనన్నారు అని రాశావు. అంతవరకూ ఊరుకున్నాను. చివర్న, ఇప్పుడు చేతులు శుభ్రంగా ఉంటున్నాయి పెద్దమ్మా అని రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. కార్డు విసిరికొట్టి లేచాను. మీ అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, ఎవరు పోయారక్కా అని అడిగింది. నీ కూతురి చేతులు పోయాయే అన్నాను.

గ్రీజమ్మ అన్నారని ఏడుస్తావా పిచ్చిదానా? పెద్దింట్లమ్మ, మారమ్మ, గ్రీజమ్మ. వాళ్లకి తెలియకుండానే నిన్ను గ్రామదేవతని చేసి కూర్చోబెట్టారు! దేవత అన్నాక జాతర చెయ్యాలి కదా, ఎప్పుడు చేస్తార్రా అని అడుగు.

మీ నాన్న జగన్నాథరావుని నేను తప్పుపట్టను. నిన్న పామాయిల్ తోటలోంచి వస్తూనే నా దగ్గరకొచ్చి, లోకమంతా కంప్యూటర్ల వైపు పోతోంది వదినగారూ, మన పిల్లొక్కతే లారీల కింద పడుకోవాలా అండీ అన్నాడు. కూతురు చల్లటి గదిలో కూర్చుని బతకాలనుకోవడం పాపమా? కాదు. కంప్యూటర్లనీ తిట్టను. అందులోనూ భగవంతుడున్నాడు, మనసుపడి వెళ్లినవాళ్లకి కనపడతాడు. నువ్వు మనసుపడి వెళ్తున్నావా, ఆ స్టూలు మీంచి పారిపోతున్నావా? అదొక్కటే నా ప్రశ్న.

నీకు గుర్తుందో లేదో. నువ్వు ఏడో తరగతిలో ఉండగా మన మైకు వ్యాను సంగతి ఊరంతటికీ నవ్వులాటగా ఉండేది. నేను గంటలు గంటలు పురాణం చెప్పడం, బ్యాటరీ అంతా మైకు తాగెయ్యడం, మంగళం పాడగానే జనం తీర్థప్రసాదాలు పక్కనపెట్టి బండి తొయ్యడానికి రావడం. భుజాలు నొప్పెట్టిన భక్తులు రెండోసారి సభకి రావడం మానేశారు. నువ్వే మన డ్రైవర్ అబ్బుల్ని వెంటేసుకుని, మైకుకి వేరే బ్యాటరీ, ఇంజనుకి వేరే బ్యాటరీ పెట్టించావు. ఇదివరకు బ్యాటరీ అయిపోతేనన్నా అక్క నోరు ఆగేది, ఇక జనానికి దేవుడే దిక్కు అని మీ అమ్మ తల పట్టుకుంది. ఆ రాత్రి గ్రీజు మసితో నిద్రపోయిన నీ మొహం చూసి, వేదిక మీద నేను పొందే ఆనందమే ఈ పిల్లకి బండి కింద దొరుకుతోందని అనుకున్నాను.

ఇంకోటి విను. నేను నాలుగో తరగతితో ఆగిపోయినదాన్ని. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని భాగవతం చదివాను. మొదటిసారి వేదికెక్కిన రోజు పెద్దలు కొందరు లేచి, కింద కూర్చుని భజన పాడమ్మా, వ్యాఖ్యానం మేం చెబుతాం అన్నారు. నాకేసింది స్టూలు కాదు, చాప. నేను దిగలేదు. దిగమన్న ప్రతిసారీ ఇంకో పద్యం అందుకున్నాను. ఆఖరికి వాళ్లే చాప మీద కూర్చున్నారు. నేనేమీ గొప్పదాన్ని కాదు. కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. వణికే కాళ్లతో కూడా నిలబడొచ్చు, అంతే.

ఇదంతా నీ ఎదురుగానే చెప్పొచ్చు. కడియం సభకి వెళ్తూ మీ కాలేజీ మీదుగానే వెళ్తాను. కానీ నేనెదురుపడితే గొంతు పెంచుతాను, నువ్వు భయపడి తలూపుతావు. ఆ తలూపు నాకక్కర్లేదు. అందుకే ఈ ఉత్తరం వాచ్‌మన్ చేతికిచ్చి నీకు కనపడకుండా వెళ్లిపోతాను. నువ్వు చదివేసరికి మేం కడియంలో ఉంటాం. వ్యాను బ్రహ్మాండంగా నడుస్తోంది, దాని గురించి బెంగపెట్టుకోకు. ఏ బ్రాంచైనా సరే, నువ్వు మా దుర్గమ్మవే. వేళకి తిను. తలకి నూనె రాసుకో.

నీ మేలు కోరే
పెద్దమ్మ,
వీరవేణి.

తా.క.: పైదంతా పొద్దున్న ఇంటి దగ్గర రాసింది. ఇది మీ గేటుకి ఎదురుగా టీ బడ్డీ బల్ల మీద రాస్తున్నాను. వ్యాను బ్రహ్మాండంగా ఉందన్నది పచ్చి అబద్ధం. నువ్వు హాస్టలుకి వెళ్లినప్పట్నుంచీ అది దారిలో ఆగుతూనే ఉంది. రెండు ఊళ్లలో సభలు మానుకున్నాను. తెలిస్తే నా మీద జాలితో మెకానికల్‌లో ఉండిపోతావని దాచాను. ఇక దాచే వీల్లేదు, సరిగ్గా మీ గేటుకి అడ్డంగా ఆగి కూర్చుంది. కాలేజీ బస్సు బయటకి రాలేక హారన్ కొడుతోంది. అబ్బులు సెల్ఫ్ కొట్టి కొట్టి చేతులెత్తేశాడు. మీ కుర్రాళ్లు బానెట్ చుట్టూ చేరి, ఒకడు డీజిల్లో గాలి పట్టిందంటాడు, ఒకడు వైరింగ్ అంటాడు, ఇంకొకడు అమ్మేయండి ఆంటీ, పీడాపోతుంది అంటాడు! కంప్యూటర్సే కావాలంటే నేనే నీతో ఆఫీసుకొచ్చి, మీ నాన్న తరఫున నిలబడతాను. మాటిస్తున్నాను. కానీ ముందు ఒక్కసారి ఈ బండి కిందకి దూరి చూడు, ఆ తర్వాత నీ మనసేమంటుందో విను. ఆఫీసు మూయడానికి ఇంకా టైముంది. వాచ్‌మన్ ఈ కాగితం ఇవ్వగానే చున్నీ నడుముకి బిగించి పరిగెత్తుకు రా. రేపు కాదు దుర్గమ్మా, ఇవాళే, ఇప్పుడే, రా!